పేరుకు ముందూ వెనకా

కుక్కలకు బిరుదులేమిటండీ అని మీరు నవ్వవచ్చు. నేనూ నవ్వినవాణ్ణే. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. బిరుదులంటే నాకు తెలిసినవి కవిసార్వభౌముడూ, ఆంధ్రకవితాపితామహుడూను. నా పేరు వెనక మాత్రం ఎమ్మే అన్న రెండక్షరాలే వున్నాయి. వాటి పక్కన పీహెచ్‌డీ అని మరికొన్ని చేరతాయని ఎదురుచూసి చూసి మా ఆవిడ ఆ ఆశ వదులుకుంది. అటువంటివాడికి, ఒక కుక్క పేరు వెనక రెండక్షరాలు చేరడానికి ఎంత తతంగం వుందో చూసే యోగం పోయిన వేసవిలో పట్టింది.

మా చెల్లెలు న్యూజెర్సీలో వుంటుంది. "ఒక్కసారి వచ్చి పో అన్నయ్యా" అని ఆరేళ్లుగా పోరుతుంటే, ఎట్టకేలకు సెలవుల్లో నేనూ మా ఆవిడా బయలుదేరాం. వెళ్లేసరికి ఆ ఇంట్లో నాకంటే ముందు మర్యాదలు జరిగే జీవి ఒకటి వుంది. దాని పేరు లడ్డూ. బూందీ లడ్డూ రంగు. దిక్కులేని కుక్కలను వుంచే షెల్టరు నుంచి తెచ్చుకున్నారట. చెవులు ఒక జాతివి, తోక ఇంకొక జాతిది, కాళ్లు ఏ జాతివో ఆ భగవంతుడికే తెలియాలి. మా మేనకోడలికి పదమూడేళ్లు. మాతో చక్కటి తెలుగే మాట్లాడుతుంది గాని, కుక్కతో మాత్రం ఇంగ్లీషే.

"అదేమిటే?" అన్నాను.

"దానికి తెలుగు రాదు మావయ్యా, పరీక్ష ఇంగ్లీషులోనే కదా" అంది.

పరీక్ష ఏమిటని అడగబోతే, పక్కింటి పెద్దావిడ వచ్చింది. రిటైరయిన బడిపంతులమ్మ. ఆవిడ వెంట షెట్లాండ్ షీప్‌డాగ్ అనే జాతి కుక్క. లాసీ సినిమాలు చూసినవారికి చెప్పాలంటే, ఆ లాసీని సగానికి సగం కుదించినట్టుంటుంది. జుట్టు పట్టుకుచ్చు, నడక రాజుగారి నడక. మా లడ్డూ దాని పక్కన నిలబడితే సంస్థానాధీశుడి పక్కన సంతలో తప్పిపోయిన పిల్లవాడిలా వుంది. వచ్చే శనివారం రెండు కుక్కలకూ ఒకే మైదానంలో పరీక్ష. అయితే పరీక్షలు రెండు రకాలట. పెద్దావిడ కుక్కకు వచ్చేది పేరుకు ముందు, లడ్డూకు వచ్చేది పేరుకు వెనక.

నాకు కుతూహలం పుట్టింది. ముందూ వెనకా అన్న మాట తెలుగు మేష్టరు చెవిన పడితే ఊరుకుంటాడా? మన వాళ్లకూ అంతే గదా! సభలో ఇచ్చిన బిరుదు పేరుకు ముందు వస్తుంది, పరీక్ష రాసి తెచ్చుకున్న పట్టా పేరుకు వెనక వస్తుంది.

పెద్దావిడ తన వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, లెక్క చెప్పింది. ఆ దేశంలో కుక్కల వంశావళులూ బిరుదులూ చూసే సంస్థల్లో పెద్దది 1884లో పుట్టిన అమెరికన్ కెన్నెల్ క్లబ్. అందచందాల ప్రదర్శనలో కుక్క 'ఛాంపియన్' అనిపించుకోవాలంటే పదిహేను పాయింట్లు కూడబెట్టాలి. మామూలుగా ఒక ప్రదర్శనలో, ఒక జాతిలో, ఇంకా బిరుదు రాని మగవాటిలో ఒకదానికీ ఆడవాటిలో ఒకదానికీ మాత్రమే పాయింట్లు దక్కుతాయి. ఎన్ని దక్కుతాయన్నది ఆ రోజు ఎన్నింటిని ఓడించిందన్నదాన్ని బట్టి వుంటుంది. ఒకటి నుంచి అయిదు దాకా. మూడు గాని, నాలుగు గాని, అయిదు గాని ఒక్కసారే వస్తే దాన్ని మేజర్ అంటారు. మనం చిట్టీ కట్టినట్టు ఒకటీ రెండూ చొప్పున పదిహేను పోగేసుకుంటే చెల్లదు. అందులో రెండు మేజర్లు వుండి తీరాలి. ఆ రెండూ ఇద్దరు వేర్వేరు జడ్జీలు ఇచ్చినవై వుండాలి. తక్కిన వాటిలో ఒక్కటైనా మూడో జడ్జీ చేతి నుంచి రావాలి.

"ఇద్దరు సరే, మూడోవాడు కూడా ఎందుకండీ?" అన్నాను.

"ఒక జడ్జీ నా స్నేహితురాలు కావచ్చు గదా!" అని ఆవిడ నవ్వింది.

తరువాత చూస్తే ఈ పట్టింపు అమెరికావారి సొత్తే కాదు. లండనులో 1873లో పెట్టిన కెన్నెల్ క్లబ్బువారి లెక్కలో పాయింట్లు లేవు, ఛాలెంజ్ సర్టిఫికెట్లని మూడు తెచ్చుకోవాలి. ఆ మూడూ ముగ్గురు వేర్వేరు జడ్జీలు ఇవ్వాలి. ఒకటైనా కుక్కకు ఏడాది దాటాక వచ్చి వుండాలి. బెల్జియంలో కార్యాలయం వున్న ఎఫ్.సి.ఐ. అనే అంతర్జాతీయ సమాఖ్య ఇంకా గట్టిది. వారి అంతర్జాతీయ ఛాంపియన్ కావాలంటే సాధారణంగా మూడు దేశాలలో, ముగ్గురు జడ్జీల దగ్గర, నాలుగుసార్లు నెగ్గాలి. మొదటి గెలుపుకూ చివరి గెలుపుకూ మధ్య ఏడాది మీద ఒక రోజు గడవాలి. చిన్నతనంలో ముద్దుగా వుండి, పెరిగాక వంకర తేలే కుక్కలుంటాయని కాబోలు. మనుషులలోనూ వున్నారనుకోండి.

నేను కూడా మన దేశపు గొప్ప చెప్పుకోవాలి గనక, మాకూ చెన్నైలో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వుందని చెప్పాను. రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్ అనే నాలుగు జాతులకు 2005లో మా తపాలాశాఖ బిళ్లలు కూడా వేసిందన్నాను. మా అబ్బాయి తపాలాబిళ్లల ఆల్బం పుణ్యాన ఆ పూట మానం దక్కింది.

శనివారం పొద్దున్నే మైదానం చేరాం. తెల్ల డేరాలు, మడత కుర్చీలు, దువ్వెనలు, జుట్టు ఆరబెట్టే యంత్రాలు. అచ్చం పెళ్లివారి విడిది. ఎటు చూసినా పెళ్లికూతుళ్లే, అందరికీ నాలుగేసి కాళ్లు. కుక్క తలెత్తి చురుగ్గా నిలబడాలని, దాన్ని పట్టుకున్నవారు ఉడకబెట్టిన కార్జం ముక్కలు జేబులో వేసుకుంటారు. కొందరు ఆ ముక్కను తమ నోట్లోనే దాచుకుని, సమయానికి తీసి కుక్కకు చూపిస్తారు. ఆ దృశ్యం చూశాక మా ఆవిడ మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టలేదు.

పెద్దావిడ కుక్కను బల్ల మీదికి ఎక్కించారు. జడ్జీ పళ్లు చూశాడు. తల, భుజాలు, పక్కటెముకలు జుట్టు కింద వేళ్లతో తడిమి చూశాడు. వంశోద్ధారకుడికి వుండవలసిన సరంజామా సక్రమంగా వుందో లేదో కూడా చూశాడు. అది వేళాకోళం కాదట. ఈ ప్రదర్శన పుట్టిందే, ముందు తరాన్ని కనడానికి తగిన తల్లీ తండ్రీ ఎవరో తేల్చడానికి. అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసిన కుక్కను బిరుదు పోటీకి రానివ్వరు. మా లడ్డూకు షెల్టరులోనే ఆ ఆపరేషను అయిపోయింది. వంశం తెలియకపోవడం ఒకటి, వంశం నిలిపే వీలు లేకపోవడం రెండు. పేరుకు ముందు వచ్చే బిరుదు వాడికి ఈ జన్మకు లేదు.

ప్రతి జాతికీ ఒక లిఖిత ప్రమాణం వుంటుంది. దాన్ని స్టాండర్డ్ అంటారు. ఈ షెట్లాండ్ జాతికి భుజం దగ్గర ఎత్తు పదమూడు అంగుళాలకు తగ్గకూడదు, పదహారుకు మించకూడదు. మించినా తగ్గినా పోటీ నుంచి బయటికే. జడ్జీ పోల్చవలసింది కుక్కను కుక్కతో కాదట, కుక్కను ఆ రాతతో. ఏ కుక్క ఆ రాతకు దగ్గరగా వస్తే అది గెలిచినట్టు. వినడానికి బాగానే వుంది.

పెద్దావిడ కుక్కకు అప్పటికి పన్నెండు పాయింట్లున్నాయి. మేజరు ఒకటే వుంది. ఆ రోజు పేర్లు ఇచ్చిన మగకుక్కల సంఖ్య మేజరుకు సరిగ్గా సరిపోయింది. గెలిస్తే మూడు, మొత్తం పదిహేను, ఛాంపియన్! ఆవిడ చేతులు వణకడం నేను చూశాను. గెలిచింది కూడా. మేం చప్పట్లు కొట్టాం. ఆవిడ మాత్రం కొట్టలేదు. పేరిచ్చిన కుక్కల్లో ఒకటి రాలేదట. లెక్కలో ఒకటి తగ్గింది, మేజరు విరిగిపోయింది. దక్కినవి రెండు పాయింట్లు, మొత్తం పద్నాలుగు. మళ్లీ మేజరు కోసం మరో ఊరు.

ఓడిపోవడానికి రావలసినవాడు రాకపోతే గెలిచినవాడి విలువ తగ్గడం నాకు వింతగా తోచింది. కాసేపటికి వింత ఏమీ లేదనిపించింది. మన శ్రీనాథుడి సంగతే చూడండి. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును వాదంలో గెలిచి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకుంటాం. ఆ రోజు డిండిమభట్టుగారికి జ్వరం వచ్చి సభకు రాలేదనుకోండి! శ్రీనాథుడి కవిత్వం అక్షరం మారదు. కాని ఢక్కా పగలదు, కనకం కురవదు. ఎదటివాణ్ణి ఓడించి తెచ్చుకునే బిరుదుకు ఎదటివాడు వుండటం ముఖ్యం.

జడ్జీల గొడవ మొదటి నుంచీ వున్నదే. ఇంగ్లండులో న్యూకాసిల్ పట్నంలో 1859 జూన్‌లో జరిగినదాన్ని ఆధునిక కుక్కల ప్రదర్శనల్లో మొదటిదంటారు. వేటకు పోయే పాయింటర్లు, సెట్టర్లు అన్న రెండు జాతులే వచ్చాయి, అరవై కుక్కలు. బహుమతులు తుపాకులు. పాయింటర్లకు జడ్జీగా కూర్చున్నాయన కుక్కకు సెట్టర్లలో బహుమతి వచ్చింది. సెట్టర్లకు జడ్జీగా కూర్చున్నాయన కుక్కకు పాయింటర్లలో బహుమతి వచ్చింది. ఇద్దరూ తలో తుపాకీ పుచ్చుకుని ఇంటికి వెళ్లారు. రెండు కుక్కలూ నిజంగా మంచివే అయి వుండవచ్చు. కాని ఈ కథ చదివినవాడెవడైనా ఆ మాట నమ్ముతాడా?

మధ్యాహ్నం మా లడ్డూ వంతు. వాడి పోటీ పేరు రాలీ. దాని పూర్వకథ కొంచెం చెప్పాలి. అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ పూడిల్ జాతి కుక్కలను పెంచేది. ఆ ఉంగరాల జుట్టూ, ఆ సింగారింపూ చూసి అందరూ ఎగతాళి చేసేవారట. వీటికి సోకు తప్ప బుర్ర లేదన్నమాట. ఆవిడకు రోషం వచ్చింది. అందంతో పని లేకుండా, చెప్పిన మాట వినడంలో పరీక్ష పెట్టాలని, 1933లో న్యూయార్కు రాష్ట్రంలో మౌంట్ కిస్కో అనేచోట పోటీ జరిపించింది. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ పరీక్షలను అంగీకరించింది. మరుసటి ఏడు ఆవిడా, బ్లాంచ్ సాండర్స్ అనే సహచరీ కలిసి కారు వెనక బండి కట్టి, అందులో పూడిళ్లను ఎక్కించుకుని, పదివేల మైళ్లు తిరిగి ఊరూరా ఆ విద్య ప్రదర్శించారు. నాటకాల కంపెనీ పెట్టినా ఇంత తిరగరు.

ఆ పరీక్షల్లో మొదటి మెట్టుకు రెండువందల మార్కులు. నూట డెబ్బై వస్తే పాసు. అయితే ప్రతి అంశంలోనూ సగానికి మించి రావాలి. ఒకదాంట్లో సున్నా తెచ్చుకుని మరోదాంట్లో పూడ్చుకుంటానంటే కుదరదు. (ఈ నిబంధన మా కాలేజీలో పెడితే ఎంతమంది మిగులుతారో!) ఇలా మూడుసార్లు నెగ్గితే పేరు వెనక సి.డి. అని చేరుతుంది. ఈ దారిన వెళ్లి, పై తరగతుల్లో ఇతరులను ఓడిస్తూ వంద పాయింట్లు సంపాదిస్తే అప్పుడు పేరుకు ముందు ఛాంపియన్ అన్నది వస్తుంది. 1977లో పెట్టిన ఆ బిరుదు మొట్టమొదట టోంకా అనే గోల్డెన్ రిట్రీవరుకు దక్కింది. గంతులూ దూకుళ్లూ వుండే ఎజిలిటీ అనే ఆటకూ ఛాంపియన్లున్నారు. గడువు కంటే ముందు వచ్చిన ఒక్కొక్క సెకనుకు పాయింటు చొప్పున కూడబెట్టి ఏడువందల యాభై చేయాలి. అది చాలక, ఒకేరోజు రెండు పరుగుల్లోనూ తప్పులేకుండా నెగ్గడం ఇరవైసార్లు జరగాలి. దానికి ఏళ్లు పడుతుందన్నారు. నా థీసిస్ గుర్తుకు వచ్చి నేను మాట మార్చాను.

రాలీ వీటన్నిటిలోకీ తేలిక. బళ్లో చేరినవాడికి ఓనమాల వంటిది. ఆ గిరిలో పదీ పదిహేను మధ్య బోర్డులు నిలబెడతారు. కుడికి తిరుగు, నెమ్మదిగా నడువు, కూర్చోబెట్టి చుట్టూ ప్రదక్షిణం చెయ్యి, అంటూ ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క ఆజ్ఞ. వరస ముందుగా తెలియదు. పోటీకి కాస్త ముందు, కుక్క లేకుండా ఒట్టి మనుషులు ఆ దారిన నడిచి చూసుకోవచ్చు. పదిహేనుమంది పెద్దలు పక్కన లేని కుక్కలతో మాట్లాడుతూ గుండ్రంగా తిరగడం చూసి, మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పోటీ మొదలయ్యాక కుక్కతో మాట్లాడవచ్చు, మెచ్చుకోవచ్చు, తిండి మాత్రం చూపకూడదు. వందకు డెబ్బై వస్తే నెగ్గినట్టు. పక్కవాడికి తొంభై తొమ్మిది రానీండి, మీకు డెబ్బై వస్తే మీరూ నెగ్గినట్టే. అందరూ నెగ్గవచ్చు, అందరూ తప్పవచ్చు. అవధానంలాగే. అక్కడ పక్కన మరో అవధాని వుండడు గదా! పృచ్ఛకులు అడిగింది చెప్పగలిగావా లేదా, అంతే.

ఇందులో ఒక నెగ్గును లెగ్ అంటారు, అంటే కాలు. మూడు కాళ్లు సంపాదిస్తే ఆర్.ఎన్. అనే రెండక్షరాలు పేరు వెనక చేరతాయి. అందులోనూ ఇద్దరు జడ్జీలైనా వుండాలి. 2010 నుంచి మా లడ్డూలాంటి వంశం తెలియనివాళ్లకు కూడా ఈ క్లబ్బువారి పరీక్షలకు కూర్చునే హక్కు వచ్చింది. లడ్డూకు అప్పటికి రెండు కాళ్లున్నాయి.

పిల్ల బరిలోకి వెళ్లింది. తెల్లగడ్డం జడ్జీ "సిద్ధమేనా?" అన్నాడు. తలూపింది. "ముందుకు" అన్నాడు. అబ్బ, ఏం నడిచాడండీ మా వాడు! మేనకోడలి మోకాలికి అతుక్కుని, దాని మొహంలోకి చూస్తూ, కూర్చోమంటే కూర్చుని, లెమ్మంటే లేచి. మా చెల్లెలు కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుతోంది. ఇంకా మూడే బోర్డులున్నాయి. అంతలో లడ్డూ ఆగాడు. బోర్డు కాలిని వాసన చూశాడు. మూడో కాలు సంపాదించవలసినవాడు వెనక కాలు ఎత్తాడు.

బరిలో ఆ పని చేస్తే అంతవరకూ వచ్చిన మార్కులన్నీ గంగలో కలిసినట్టే. జడ్జీ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పిల్ల మాత్రం ఆగకుండా చివరిదాకా నడిపించి, జడ్జీకి థాంక్స్ చెప్పి, బయటికి వచ్చి, డేరా వెనక్కి వెళ్లి ఏడ్చింది.

మేనమామను గదా, చూస్తూ వూరుకోలేకపోయాను. "ఉండవే, నేను వెళ్లి ఆయనతో ఒక మాట చెబుతాను. పసిపిల్ల, రెండుసార్లు నెగ్గింది, ఇంతసేపూ బ్రహ్మాండంగా చేసింది. పెద్దమనిషిలా వున్నాడు, కాదంటాడా?" అని కండువా సర్దుకున్నాను.

పిల్ల ఏడుపు ఆపి నన్ను చూసింది. ఆ చూపు నేను మరచిపోలేను. కోపం కాదు, భయం.

"వద్దు మావయ్యా! అలా అడగకూడదు. మీరు అడిగితే ఇచ్చారనుకోండి, అది లడ్డూది కాదు కదా, మీదవుతుంది" అంది.

కాసేపటికి ఆ జడ్జీయే వచ్చి, మార్కుల కాగితం చూపించి, ఎక్కడెక్కడ ఎంత తగ్గించాడో పిల్లకు ఓపిగ్గా చెప్పాడు. ఆ ఒక్క పని లేకపోతే తొంభై దాటేవి. పోటీకి ముందు కుక్కను ఇంకాస్త ఎక్కువసేపు పచ్చిక మీద తిప్పమని సలహా ఇచ్చి వెళ్లాడు. లడ్డూ ఆయన చెయ్యి నాకాడు.

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమయభేదమని మా ఆవిడ అనుకుంది. కాదు. పన్నెండేళ్ల కిందటి సంగతి గుర్తుకు వచ్చింది.

ఆగస్టు 29, గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మా కాలేజీలో పద్యపఠన పోటీ పెట్టారు. జడ్జీని నేనొక్కణ్ణే. మార్కుల కాగితమంటూ ఏమీ లేదు, నా చెవే కొలబద్ద. గజేంద్రమోక్షం ఘట్టంలో ఎవరికి నచ్చిన పద్యం వారు చదవాలి. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు చదివాడు. బక్కగా వుంటాడు. గొంతెత్తేసరికి వెనక బెంచీల్లో సెల్‌ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు. ఏనుగు నీళ్లలో పడుతున్న యాతన ఆ గొంతులో వుంది. కాని ఆ గొంతులో వాళ్ల ఊరి యాస కూడా వుంది. నేను గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. నా చెవికి అది దోషంగా తగిలింది.

మొదటి బహుమతి మా సహాధ్యాపకుడి కూతురికి ఇచ్చాను. మూడు వారాలపాటు దగ్గర కూర్చోబెట్టుకుని ఆ పద్యం నేర్పింది నేనే. విరుపులు నావి, సాగదీతలు నావి. నన్ను నేనే విని, నాకు నేనే బహుమతి ఇచ్చుకున్నానన్నమాట. న్యూకాసిల్ జడ్జీలే నయం, ఒకరికొకరు ఇచ్చుకున్నారు. ఆ కుర్రాడికి రెండోది కూడా ఇవ్వలేదు. ఆ తరువాత రెండేళ్లూ అతను నా క్లాసులో కూర్చున్నాడు. పద్యం చదవమంటే మాత్రం, "మరిచిపోయాను సార్" అనేవాడు. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారు పుట్టింది ఆ కుర్రాడి వైపేనని, ఆ రోజు సభలో ఉపన్యాసంలో చెప్పింది కూడా నేనే!

లిఖిత ప్రమాణం వుంటే సరిపోయేదా అని కూడా ఆలోచించాను. నమ్మకం లేదు. రాసినవాడి కన్ను వంకరైతే రాత కూడా వంకరే. బుల్‌డాగ్, పెకినీస్ వంటి జాతులకు మూతి చప్పిడిగా వుండటమే అందమని తరతరాలుగా మెచ్చి మెచ్చి, చివరికి వాటికి ఊపిరాడని స్థితి తెచ్చారు. ఇంగ్లండులో క్రఫ్ట్స్ అనే మహా ప్రదర్శన వుంది, 1891 నుంచి జరుగుతున్నది. అక్కడ 2012లో మొదటిసారిగా, ఇటువంటి కొన్ని జాతుల్లో ఉత్తమమని తేలిన కుక్కలను పశువైద్యులకు చూపించే ఏర్పాటు చేశారు. బుల్‌డాగూ పెకినీసూ ఆ పరీక్షలో తప్పాయి. జడ్జీ మెచ్చినదాన్ని డాక్టరు కాదన్నాడు. పెంపకందారులు మండిపడ్డారు. నాకు మాత్రం ఆ డాక్టరులాంటివాడు ఒకడు ఆ రోజు మా హాల్లో వుండి వుంటే బాగుండేదనిపించింది. కనీసం ఒక మూడో జడ్జీ!

జూలైలో తిరిగి వచ్చేశాం. ఆగస్టు మధ్యలో చెల్లెలు ఫోటో పంపింది. లడ్డూ మెడలో రిబ్బను, మేనకోడలి చేతిలో కాగితం. డెబ్బై ఆరు మార్కులు. వేరే ఊరు, వేరే జడ్జీ. 'లడ్డూ, ఆర్.ఎన్.' అని రాసి వుంది. "వెనక రెండక్షరాలు. నీకూ వాడికీ సమానం అయింది అన్నయ్యా" అని కింద ఒక వాక్యం. పెద్దావిడ కుక్కకు ఇంకా మేజరు దొరకలేదట.

ఈసారి భాషా దినోత్సవానికి పద్యపఠన పోటీ బాధ్యత మళ్లీ నాకే ఇచ్చారు. ముగ్గురు జడ్జీలు కావాలన్నాను. ఒకరు గణితశాస్త్రం మేడమ్, ఒకరు శ్రీకాకుళం నుంచి బదిలీ అయి వచ్చిన లైబ్రేరియన్‌గారు. మార్కుల కాగితాలు మరునాడు నోటీసు బోర్డుకు అంటించాం. "ఒక పద్యం పోటీకి ఇంత హంగామా ఏమిటయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. కుక్కల దగ్గర నేర్చుకున్నానని చెబితే బాగుండదని నవ్వి వూరుకున్నాను.

పాత విద్యార్థులను ఒకరి తరువాత ఒకరిని అడిగి ఆ కుర్రాడి నంబరు సంపాదించాను. కాశీబుగ్గలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. గొంతు వినగానే గుర్తుపట్టాడు. "నమస్తే సార్! బాగున్నారా? ఏం సార్, ఇలా..." అన్నాడు. అసలు సంగతికి ఎలా రావాలో తోచక లడ్డూ కథంతా చెప్పాను. కాలెత్తిన దగ్గర పకపకా నవ్వాడు. అప్పుడు అడిగాను.

"ఆ పద్యాల పోటీ గుర్తుందా బాబూ?"

"గుర్తులేకేం సార్. 'పద్యం బాగానే వుంది గాని ముందు నోరు బాగుచేసుకోవోయ్' అన్నారు గదా!"

నాకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు.

"నేనా? అన్నానా?"

"మైకులోనే అన్నారు సార్."

అతను మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. "బాబూ, ఆ రోజు బహుమతి నీది. తప్పు నాది. నీ నోటిలో కాదు, నా చెవిలో వుంది" అన్నాను. అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందేమోననుకున్నాను. అంతలో ఎవరో "ఈ చార్జరు ఎంత?" అని అడగడం వినిపించింది.

"వుంటాను సార్, బేరం వచ్చింది. సాయంత్రం నేనే చేస్తాను" అని పెట్టేశాడు.

ఎందుకు చేస్తాడులే అనుకున్నాను. ఏడున్నరకు ఫోను మోగింది. ఎత్తాను. హలో లేదు, నమస్తే లేదు. గజేంద్రుడి పద్యం మొదలయింది.